నాన్న టగాలోగ్ ఎందుకు నేర్చుకున్నాడు

బాత్రూమ్‌లో నాన్న ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకున్నాను మొదట. ఎగ్జాస్ట్ ఫ్యాన్ చప్పుడులో మాట సరిగ్గా అందలేదు. ఆఫీస్‌కి టైమ్ అవుతున్నా బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. "బూకస్... బుకాస్. బూకస్... బుకాస్." ఒకే మాటని రెండు రకాలుగా అంటున్నాడు. అన్నప్పుడల్లా గోడ మీద వేలి కణుపుతో టక్కుమని కొడుతున్నాడు. ఆయన ఫోన్ చూస్తే హాల్లో చార్జింగ్‌లో ఉంది. అంటే అవతల ఎవరూ లేరు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి పొద్దున్నే తలుపేసుకుని, గోడ కొడుతూ, తనలో తనే మాట్లాడుకుంటున్నాడు.

తలుపు తీసి నన్ను చూడగానే ఉలిక్కిపడ్డాడు.

"ఏంటి నాన్నా అది?"

"ఏది?"

"ఆ బూకస్సు."

"గొంతు సవరించుకుంటున్నానమ్మా," అని తువ్వాలు భుజాన వేసుకుని నా పక్కనుంచి జారుకున్నాడు.

గొంతు సవరించుకుంటే దగ్గు వస్తుంది, బూకస్ రాదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎదుటివాడు "అంతా బాగానే ఉంది" అన్నాడంటే ఎక్కడో ఏదో బాగాలేదని అర్థం. అలా అనుమానించినందుకే నాకు నెలనెలా జీతం ఇస్తారు. మా ఆయన నన్ను ఇంట్లో సీఐడీ అని పిలుస్తాడు. పిలిస్తే పిలవనీ. ఈ ఇంట్లో దొరికిన దొంగలందరూ నాకే దొరికారు.

మాది జెర్సీ సిటీలో నది వైపు అపార్ట్‌మెంట్. పొద్దున్నే ట్రెయిన్ పట్టుకుని మేమిద్దరం మన్‌హాటన్ వెళ్ళిపోతే సాయంత్రం దాకా నాన్న ఒక్కడే. ఏలూరు బస్టాండులో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో మైకులో చెప్పిన గొంతు ఆయనది. ఇప్పటికీ "అన్నం తిన్నావా" అని అడిగినా పది మందికీ వినపడేలాగే అడుగుతాడు. అలాంటి మనిషి గుసగుసలాడుతున్నాడంటే అనుమానం రాక ఏం చేస్తుంది?

అమ్మ ఈ ఇంట్లోనే పోయింది. జబ్బు గురించి రాయను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరైనా అమ్మ మాట ఎత్తితే నేను లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాను. అది నా పద్ధతి. నాన్నకీ మా ఆయనకీ అలవాటైపోయింది. వాళ్ళు ఎత్తడం మానేశారు.

అమ్మ అస్థికలు కలపడానికి నాన్నా నేనూ కాశీ వెళ్ళాం. స్నానం అయ్యాక ఒక పండూ ఒక కూరా వదిలెయ్యమన్నాడు అక్కడి పంతులుగారు. ఈ వదిలెయ్యడంలో మనవాళ్ళ తెలివితేటలు నాకు తెలుసు. మా పెద్దమ్మ కాకరకాయ వదిలేసింది. పుట్టి బుద్ధెరిగి ఆవిడ కాకరకాయ ముట్టలేదు. మా బాబాయి పనసపండు వదిలేశాడు, వాసనే పడదు ఆయనకి. నాన్న కూడా అలాంటిదేదో అంటాడనుకుని నేను తడిబట్టలు పిండుతున్నాను. "చేమదుంప," అన్నాడు. పంతులుగారు సంకల్పం చెప్పించేశాడు. నా చేతిలో చీరకొంగు అలాగే ఉండిపోయింది.

అమ్మ చేమదుంపల పులుసు పెడితే నాన్న ఆ రోజు డ్యూటీకి అరగంట ఆలస్యంగా వెళ్ళేవాడు. ఇంకో కూర అక్కర్లేదు. మర్నాటికి మిగిలితే అది కూడా ఆయనకే. అలాంటిదాన్ని వదిలేశాడంటే, ఇంక ఇంకొకరి చేతి పులుసు తిననని అమ్మకి మాటిచ్చినట్టే నాకు అనిపించింది. నాకు గర్వంగా ఉండేది. ఇండియన్ స్టోర్‌లో చేమదుంపల బుట్ట కనపడితే నేనూ తల తిప్పుకుని వెళ్ళిపోయేదాన్ని. మా ఆయనకి ఎటూ చేమదుంప పడదు, గొంతు దురద. కాబట్టి మా ఇంట్లో ఆ దుంప మళ్ళీ అడుగు పెట్టలేదు.

ఇక ఈ బూకస్ ఎక్కడిదో కూపీ లాగాను. పెద్ద కష్టం కాలేదు. నది ఒడ్డున నడిచేదారిలో నాన్నకి ఒక ఫిలిప్పీన్స్ ముసలాయన స్నేహం అయ్యాడు. మా బిల్డింగ్‌లోనే ఎనిమిదో అంతస్తు. ఓడల్లో వంటవాడిగా పనిచేసి రిటైరయ్యాడు, కొడుకూ కోడలి దగ్గర ఉండేవాడు. ఇద్దరిదీ అంతంతమాత్రం ఇంగ్లీషే. ఆ ఇంగ్లీషుతోనే రోజూ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకునేవాళ్ళో నేనెప్పుడూ అడగలేదు. మగవాళ్ళ మాటల్లో ఏముంటుందిలే అనుకున్నాను. పోయిన ఏడాది ఆయన గుండె ఆగి పోయాడు. నాన్న కొన్నాళ్ళు నడకే మానేశాడు. తర్వాత మళ్ళీ వెళ్ళడం మొదలుపెడితే హమ్మయ్య అనుకున్నాను.

ఒక ఆదివారం పాలు తేవడానికి వెళ్ళి వస్తుంటే నది వైపు బెంచీ మీద నాన్న కనపడ్డాడు. పక్కన ఆ ముసలాయన భార్య. నల్లబట్టల్లో ఉంది. ఆవిడ ఏదో మాట అని, బెంచీ చెక్క మీద కణుపుతో టక్ అని కొట్టింది. నాన్న అదే మాట అని, తనూ కొట్టాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అన్నాడు. ఈసారి ఆవిడ నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను అమ్మ పోయాక చూడలేదు. పాల డబ్బా చేతిలో చల్లగా లాగుతున్నా అక్కడే చెట్టు పక్కన నిలబడి చూశాను.

మా టీములో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంది. లంచ్ టైమ్‌లో పక్కన కూర్చున్నాను.

"బుకస్ అంటే ఏంటి?" అని అడిగాను.

"బరువెక్కడ?" అందా అమ్మాయి.

"బరువేంటి?"

"మాటలో ఎక్కడ నొక్కారని. ముందు నొక్కితే రేపు. వెనక నొక్కితే తెరిచి ఉంది అని."

నేను ఆలోచనలో పడ్డాను. అంతకుముందు రోజే నాన్న ఫోన్‌లో ఆ మాట అని పెట్టేశాడు. రేపు వస్తానన్నాడా, తలుపు తెరిచి ఉంచమన్నాడా? రెండూ నాకు నచ్చలేదు.

ఆ అమ్మాయికి ఉత్సాహం వచ్చేసింది. వాళ్ళ భాషలో అలాంటివి బోలెడున్నాయట. ముందు నొక్కితే ఆసో అంటే కుక్క, వెనక నొక్కితే అసో అంటే పొగ. ఇంకో మాటని ముందు నొక్కితే జీవితం, వెనక నొక్కితే బతికి ఉన్నది. రాసేటప్పుడు రెండూ ఒకలాగే రాస్తారు, నోటితో అన్నప్పుడే తేడా. "మాకూ దీర్ఘాలున్నాయిలే," అన్నాను. "దీర్ఘం కాదు, బరువు," అంది. నాకు తేడా తెలియలేదు. తెలుగు చెవికి అది దీర్ఘంలాగే వినపడుతుంది. కానీ నాన్న పొద్దున్న గోడ మీద ఎందుకు కొడుతున్నాడో అప్పుడు అర్థమైంది. మనకి లేని బరువుని ఆయన వేలి కణుపుతో నేర్చుకుంటున్నాడు. అంత కష్టం ఎవరి కోసం పడతాడు మనిషి?

"గబి అంటే?" అన్నాను. బెంచీ దగ్గర ఆ మాట కూడా చెవిన పడింది.

"వెనక బరువుంటే రాత్రి. ముందుంటే ఒక దుంప," అని ఫోన్‌లో బొమ్మ తీసి చూపించింది.

చేమదుంప. బొచ్చు బొచ్చుగా, మట్టి అంటుకుని, అమ్మ సంచీలోంచి గచ్చు మీద కుమ్మరించినట్టే ఉంది. నేను లంచ్ బాక్స్ మూత పెట్టేశాను.

"స్నేహితుడు అనే మాట కూడా అంతే," అంది ఆ అమ్మాయి, నేను అడక్కుండానే. "బరువు జరిగిందంటే ఇష్టం, కోరిక అనే వైపు వెళ్ళిపోతుంది."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఒక్క టెస్ట్ కూడా సరిగ్గా సాగలేదు.

ఆ వారమే భోజనాల దగ్గర నాన్న చేతులు గోక్కోవడం చూశాను. కుడిచేత్తో తింటూ, ఎడమచెయ్యి టేబుల్ కింద ప్యాంటుకేసి రుద్దుకుంటున్నాడు. కాసేపటికి చెయ్యి మార్చాలనిపించినట్టుంది, అన్నం చేతినే మణికట్టు దగ్గర గీరుకున్నాడు.

"చేతులకేమైంది నాన్నా?"

"చలికి పొడిబారాయి."

"క్రీమ్ తెస్తానుండు."

"వద్దొద్దు. అదే పోతుంది."

చలికి పొడిబారితే వేళ్ళ సందుల్లో ఎర్రగా కందదు. ఆ ఎరుపు నేను చిన్నప్పట్నుంచీ చూసినదే. చేమదుంప చెక్కు తీస్తే వచ్చే దురద అది. అమ్మ కొబ్బరినూనె రాసుకుని తీసేది. నాన్నకి ఆ కిటుకు తెలియదు, ఎప్పుడూ వంటింట్లోకి వచ్చిన మనిషి కాదు. నేను పెరుగు వడ్డిస్తూ ఆయన వేళ్ళు మళ్ళీ మళ్ళీ చూశాను. ఆయన నా చూపు చూసి చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు.

మర్నాడు చెత్త సంచీ ముడి వెయ్యబోతూ విప్పి చూశాను. అరటితొక్కల కింద, న్యూస్‌పేపర్లో చుట్టి, చేమదుంప చెక్కులు. దాచిపెట్టాలని చుట్టాడంటే ఎంత తెలిసి చేస్తున్నాడో చూడండి. మా ఇంట్లో, నేను ఆఫీస్‌లో ఉన్నప్పుడు, కాశీలో వదిలేసినదాన్ని చెక్కు తీస్తున్నాడు నాన్న. ఆ సంచీ చేత్తో పట్టుకుని హాల్లో నిలబడితే నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

ఆ సాయంత్రం వార్డ్‌రోబ్ ముందు బట్టలు మడత పెడుతూ మా ఆయనకి చెప్పాను. అంతా విని, చొక్కా హ్యాంగర్‌కి తగిలిస్తూ నవ్వాడు.

"అంటే కేసేంటి? మావయ్యగారు చేమదుంప తింటున్నారనా, లవ్‌లో పడ్డారనా?"

"రెండూ ఒకటే."

"రెండూ ఒకటెలా అవుతాయి? నాకు ఒకటి తింటే దురద, రెండోది చేస్తే నువ్వు చంపేస్తావు."

"నవ్వులాట కాదు."

"సరే, కాదు. పోనీ అడిగెయ్యొచ్చుగా? మీ నాన్నేగా."

అడిగితే ఆయన నిజం చెప్పేస్తాడు. నాన్నకి అబద్ధం సరిగ్గా రాదు, దొరికిపోయేదాకానే ఆడతాడు. "అవునమ్మా, నాకు ఆవిడంటే ఇష్టం" అనేశాడనుకోండి, నేనేం చెయ్యాలి? నాకు భయం వేసింది. అమ్మ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని భయం. అమ్మని గుర్తుపెట్టుకునే పని ఇక నేనొక్కదాన్నే చెయ్యాల్సి వస్తుందని అంతకంటే పెద్ద భయం. అది మా ఆయనకి చెప్పలేదు. దుప్పటి మడత పెట్టమని రెండు కొసలు ఆయన చేతిలో పెట్టాను.

తర్వాతి బుధవారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టాను. నాన్నకి చెప్పలేదు. ఎప్పటిలాగే బ్యాగు వేసుకుని బయటికెళ్ళి, కింద లాబీలో సోఫా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. లిఫ్ట్ తలుపు ఎన్నిసార్లు తెరుచుకున్నా, పదకొండు దాటినా నాన్న దిగలేదు. అంటే బయటికి రాలేదు. పైకి వెళ్ళి చూస్తే ఇంట్లోనూ లేడు. చెప్పులు లేవు. పప్పుల అరలో చింతపండు డబ్బా కూడా లేదు.

ఎనిమిదో అంతస్తులో లిఫ్ట్ దిగాను. కారిడార్ సగానికి రాకముందే వాసన తగిలింది. చింతపండు రసం మరుగుతున్న వాసన. దాని మీద ఇంగువ, ఆవాలు, మెంతులు చిటపటలాడిన తాలింపు. ఆ కారిడార్‌లో రోజూ వచ్చే వాసనలు వేరు. ఇది మా ఏలూరు ఇంటి వాసన, అమ్మ కొంగు వాసన. ఒక్కక్షణం తలుపు తీస్తే లోపల అమ్మ ఉంటుందేమో అనిపించి కాళ్ళు ఆగిపోయాయి. వెంటనే ఒళ్ళు మండింది. అమ్మ పులుసు ఆవిడ వంటింట్లో ఎలా ఉడుకుతోంది?

తలుపు అవతల నాన్న గొంతు, ఇంగ్లీషులో: "సాల్ట్? సాల్ట్ ఓకే?"

ఆవిడ గొంతు: "గుడ్. వెరీ గుడ్."

నాన్న ఏదో టగాలోగ్‌లో అన్నాడు. ఆవిడ నవ్వింది. గిన్నె మీద గరిటె తట్టిన చప్పుడు.

బెల్ మీద వేలు పెట్టి తీసేశాను. ఇద్దరు ముసలివాళ్ళు పట్టపగలు పులుసు కాచుకుంటున్నారని ఎవరికి ఫిర్యాదు చేస్తాం? పైగా నేను ఆఫీస్‌లో ఉన్నట్టు లెక్క. మెట్లమీదుగా పైకి మా పదిహేనో అంతస్తుకి వచ్చేశాను, లిఫ్ట్ కోసం నిలబడితే ఆవిడ తలుపు తీస్తుందేమోనని. ఏడు అంతస్తులెక్కేసరికి ఆయాసం వచ్చింది, కోపం మాత్రం తగ్గలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నే కదిపాడు. అన్నం కెలుకుతూ, "శనివారం మధ్యాహ్నం మీకేం పనుందా?" అన్నాడు.

"ఎందుకు?"

"కింద కమ్యూనిటీ రూమ్‌లో మావాడి సంవత్సరీకం పెడుతున్నారు. మిమ్మల్ని కూడా పిలిచిందావిడ. నువ్వు రావాలమ్మా."

"నేనెందుకు? నాకు వాళ్ళు తెలియదు."

"నాకు తెలుసుగా," అని నీళ్ళు నమిలాడు. "నేను... అక్కడ ఒక మాట చెప్పాలి. నువ్వుంటే బాగుంటుంది."

ఏం మాట అని అడగలేదు. అడిగే ధైర్యం లేదు. మా ఆయన నా వంక చూసి పెరుగు గిన్నె ఇటు జరిపాడు.

మర్నాడు ఆఫీస్‌లో మళ్ళీ ఆ అమ్మాయి పక్కకి చేరాను. బబాంగ్ లుక్సా అంటారట దాన్ని. మనిషి పోయిన ఏడాదికి దుఃఖాన్ని దించుకునే రోజు. అప్పటిదాకా ఆ ఇంటి ఆడది నల్లబట్టలు కట్టుకుంటుంది. ఆ రోజు ప్రార్థన అయ్యాక వాటిని విప్పి రంగుబట్టలు కట్టుకుని వస్తుంది. వచ్చినవాళ్ళందరూ కలిసి భోంచేస్తారు, పోయినవాళ్ళ గురించి తలా ఒక మాట చెప్తారు. "ఆ తర్వాత అంతా ఆవిడ ఇష్టం," అంది ఆ అమ్మాయి. "కావాలంటే పెళ్ళి కూడా చేసుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు."

అనాల్సిన మాటే అంది. అంతా అతికినట్టు సరిపోయింది. ఏడాది ఆగారు, మంచి మర్యాదస్తులే. భాష నేర్చుకున్నాడు, వాళ్ళవాళ్ళందరి ముందూ వాళ్ళ మాటలోనే చెప్పడానికి. కాశీలో వదిలేసింది మళ్ళీ ఎత్తుకున్నాడు. కూతురు పక్కన ఉంటే బాగుంటుందన్నాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

శనివారం నాన్న అమ్మ కొన్న బూడిదరంగు కోటు వేసుకున్నాడు. అది చూసి పళ్ళు కొరుక్కున్నాను. పొద్దున్నే మాకంటే ముందు కిందికి వెళ్ళిపోయాడు. మేం వెళ్ళేసరికి కమ్యూనిటీ రూమ్ నిండిపోయింది. గోడ పక్కన టేబుల్ మీద ఆ ముసలాయన ఫోటో, దీపం, పూలు. రెండో టేబుల్ నిండా తిండి. నూడుల్స్, చేపలు, రంగురంగుల స్వీట్లు, రేకు కప్పిన పళ్ళేలు. నన్ను ఆవిడ కోడలు పక్కన కూర్చోబెట్టారు. మా ఆయనకి వెనక వరసలో చోటు దొరికింది.

ప్రార్థన అయ్యాక ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పసుపు పూల గౌను వేసుకుని ఉంది. నల్లబట్టల్లో ముడుచుకుపోయినట్టుండే మనిషి, ఆ గౌనులో పదేళ్ళు తగ్గినట్టు కనపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. ఆవిడ వాళ్ళందరినీ దాటి నాన్న వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు సంగతి నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఒక్కొక్కరూ లేచి ఏదో చెప్పారు. నవ్వించేవి చెప్పారు, ఏడిపించేవి చెప్పారు. చివరికి నాన్న లేచాడు. కోటు గుండీ సరిచేసుకున్నాడు. టేబుల్ అంచు మీద కుడిచేతి కణుపులు ఆనించాడు. 

బస్టాండు గొంతే. ఒక్కొక్క మాటా విడివిడిగా, నొక్కాల్సిన చోట టేబుల్ మీద టక్కున కొడుతూ, ఊరి పేర్లు చదివినట్టు చదివాడు. నాలుగో వాక్యంలో "అసావా" అన్నాడు. ఆ మాట నాకు తెలుసు, మా టీము అమ్మాయి దగ్గర దాన్ని ముందే అడిగి పెట్టుకున్నాను. భార్య.  లేచి వెళ్ళిపోదామని కుర్చీ వెనక్కి జరిపాను.

"ఏమంటున్నారు?" అని కోడలిని అడిగాను.

ఆమె నా చెవి దగ్గరికి వంగి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. "మా మావగారు ఆయనకి రోజుకి రెండు మాటలు ఇచ్చేవారట. ఒకేలా రాసేవి, వేరేగా పలికేవి. బదులుగా ఆయన రోజుకొక వంట చెప్పేవారట. మీ అమ్మగారు వండినవి. అన్నిట్లోకీ మావగారికి గాబి దుంప పులుసు సంగతే నచ్చిందట. మేమూ చింతపండు పులుసులో గాబి వేస్తాం కదా, మీరెలా చేస్తారో వండిపెట్టు అని అడిగేవారట."

నాన్న టేబుల్ మీద కొట్టడం ఆపలేదు.

"బూకస్ అనేవాణ్ణి, అంటున్నారు. రేపు, రేపు అని రోజూ అన్నారట. ఆ దుంపని దేవుడి దగ్గర వదిలేశారట, అందుకే ముట్టుకోవడానికి మనసొప్పలేదట. ఇవాళ వండి తెచ్చారు. 'నా భార్య వండేది. నా స్నేహితుడు తినాల్సింది. నేను రుచి చూడలేదు, చూడకూడదు. మీరు తినండి,' అంటున్నారు." కోడలు కళ్ళు తుడుచుకుంది.

నాన్న వంగి దండం పెట్టి, టేబుల్ చివర రేకు కప్పిన గిన్నె మూత తీశాడు. అది మా ఇంటి గిన్నె. జనం పళ్ళేలతో లేచారు.

ఆయన ముందుగా ఎవరికీ వడ్డించలేదు. ఒక ప్లాస్టిక్ కప్పులో రెండు ముక్కలూ కాస్త పులుసూ వేసుకుని తిన్నగా నా దగ్గరికొచ్చాడు. పక్క కుర్చీలో కూర్చున్నాడు. కప్పు నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"తిని చెప్పమ్మా. ఆవిడకి ఎన్నిసార్లు రుచి చూపించినా గుడ్డు గుడ్డు అంటుంది. ఆవిడకేం తెలుసు? మీ అమ్మ చేతిది తిన్నది ఇక్కడ నువ్వొక్కదానివే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీ అమ్మ మాటెత్తితే నువ్వు లేచి వెళ్ళిపోతావుగా."

కోపంతో అనలేదు. బస్సు ఆలస్యం అని చెప్పినట్టు చెప్పాడు.  చెంచాతో ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. దుంప మెత్తగా ఉడికింది. తాలింపు బాగుంది. పులుపు మాత్రం పళ్ళు జివ్వుమనేంత ఉంది. అమ్మది అలా ఉండదు. ఏం తక్కువైందో నాలుక మీద పడగానే తెలిసింది. నాన్న నా మొహం వంకే చూస్తున్నాడు, వేళ్ళ సందులు గోక్కుంటూ.

"అచ్చం అమ్మ చేసినట్టే ఉంది నాన్నా," అన్నాను.

నాన్న కళ్ళు చిన్నవి చేసి నన్ను చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అద్దంలో రోజూ చూసేదే.

"నిజం చెప్పు," అన్నాడు.

"నిజమే."

"నీ మొహం అలా లేదు."

నేనేమన్నా అనేలోపు కప్పులో వేళ్ళు పెట్టి రెండో ముక్క తీశాడు.

"నాన్నా, కాశీలో..."

నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. గొంతులోంచి దిగేదాకా కళ్ళు తెరవలేదు. తెరిచాక కాసేపు ఫోటో ముందున్న దీపం వైపు చూశాడు.

"పులుపెక్కువైంది," అన్నాడు.

"బెల్లం వెయ్యలేదు నువ్వు."

"బెల్లమా? ఎప్పుడేస్తుంది?"

"దించేముందు వేస్తుంది," అన్నాను. "చిన్న ముక్క. నీకు కనపడకుండా వేసేది, పులుసులో బెల్లమేంటని నువ్వు గొడవ చేస్తావని."

"నాకు తెలీదే," అన్నాడు నాన్న. "ఇన్నేళ్ళూ నాకు తెలీదు." కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, నవ్వుతున్నాడు. "ఇంకేమేసేది చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. ఆయన లేచి వెళ్ళి గిన్నెలోంచి ఇంకో కప్పు నిండా తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.